దొరతనము – లెక్క అప్పగింత
(సర్ థామస్ రంబోల్డు జీవితమును గూర్చి సంఘ సభ్యుల కూడికలో చేసిన ప్రసంగ పాఠము)



శతజయంతి సంవత్సరములో వేదికనెక్కినవారు సాధారణంగా మిషనరీల జీవితాలను జ్ఞాపకం చేస్తారు. అది తగినదే. వారి ఋణం మనం మరువరానిది. అయితే అదే దేశం నుండి, అటువంటి ఓడలలోనే, మరొక తరగతివారు కూడా మన తెలుగునాటికి వచ్చారు. వీరు కత్తి పట్టుకొని వచ్చారు. తరువాత కత్తిని పక్కనబెట్టి శిస్తు లెక్కలు చేతబట్టారు. భాగ్యవంతులై తిరిగి వెళ్లి, స్వదేశములో ఎస్టేటులు కొని, పార్లమెంటులో కూర్చున్నారు. వారిలో ఒకని జీవితాన్ని ఈ సాయంకాలం మీ ముందుంచాలని నా ప్రయత్నం. అతని పేరు సర్ థామస్ రంబోల్డు. సైనికాధికారి, భూస్వామి, పార్లమెంటు సభ్యుడు, 1778 నుండి 1780 వరకు మద్రాసు గవర్నరు.

"ఈ దొరగారు మనకేమౌతాడు?" అని మీలో కొందరు అనుకోవచ్చు. మన జనగామ, మానుకోట, భూపాలపల్లి ప్రాంతాలు ఆ రోజులలో నిజాం ఏలుబడిలోనివి. మద్రాసు గవర్నరు ఆజ్ఞ ఇక్కడ చెల్లేది కాదు. నిజమే. కాని హైదరాబాదులో మొదటి ఇంగ్లీషు రెసిడెంటు అడుగుపెట్టడానికి కారణం ఇతడే. ఇతని మనుమడు అదే హైదరాబాదులో వడ్డీ వ్యాపారం చేసి నిజాం బొక్కసాన్ని ఖాళీ చేసినవారిలో ఒకడు. ఆ బొక్కసం నింపినవారు మన పూర్వికులైన రైతులు, కూలీలు. కాబట్టి సంబంధం లేకపోలేదు.

ఇంకొక మాట. మన ఊళ్లలో ఇంగ్లీషు అధికారినీ 'దొర' అన్నారు, దేశ్‌ముఖునూ 'దొర' అన్నారు. పాత తెలుగు పుస్తకాలు తీసి చూడండి, ప్రభుత్వానికి 'దొరతనము' అనే మాటే కనబడుతుంది. భూమి గలవాడు, బలగం గలవాడు, పరిపాలించేవాడు – ఈ ముగ్గురికీ మనవాళ్లు ఒకే పేరు పెట్టారంటే, ఆ మూడూ తరతరాలుగా ఒకే చేతిలో ఉండటం కళ్లారా చూచి పెట్టిన పేరది. ఆ మూడూ ఒకే చేతిలో ఉన్నప్పుడు ఏమి జరుగుతుందో రంబోల్డు జీవితం చక్కగా చూపిస్తుంది.

1. సైనికుడు

థామస్ రంబోల్డు 1736లో ఇంగ్లండులో ఎసెక్స్ జిల్లాలోని లేటన్‌స్టోన్ గ్రామంలో జన్మించాడు. తండ్రి కూడా ఈస్టిండియా కంపెనీ కొలువులోనివాడే. ఇంట పెద్ద ఆస్తి లేదు. 1752లో, పదహారేండ్ల ప్రాయంలో, కంపెనీ గుమాస్తాగా మద్రాసులోని సెంట్ జార్జి కోటకు వచ్చాడు. ఆ రోజులలో ఇంగ్లీషువారికీ ఫ్రెంచివారికీ కర్నాటకంలో యుద్ధం జరుగుతున్నది. కలం పట్టడం కంటె తుపాకి పట్టడంలో త్వరగా పైకి రావచ్చునని తలచాడు కాబోలు, కొద్ది కాలానికే సైన్యములోకి మారిపోయాడు.

తిరుచునాపల్లి దగ్గర మేజర్ లారెన్సు క్రింద పోరాడాడు. తరువాత క్లైవుతో బెంగాలుకు వెళ్లాడు. కలకత్తాను తిరిగి పట్టుకొన్నప్పుడు చూపిన ధైర్యానికి క్లైవు ఇతనికి కాప్టెను పదవి ఇచ్చాడు. 1757లో ప్లాసీ యుద్ధంలో క్లైవు ప్రక్కన అంగరక్షకాధికారిగా ఉండి తీవ్రంగా గాయపడ్డాడు. ఇతడు పిరికివాడని శత్రువులు కూడా అనలేదు. ఇది ముందుగా చెప్పడం న్యాయము.

గాయం మానిన తరువాత మళ్లీ సివిలు కొలువులో చేరాడు. 1763లో పాట్నాకు ముఖ్యాధికారి అయ్యాడు. 1766 నుండి బెంగాలు కౌన్సిలులో సభ్యుడు. కంపెనీ ఉద్యోగులు జీతం కొద్దిగా, సొంత వ్యాపారం మెండుగా చేసుకొనే రోజులవి. 1769లో ఇంగ్లండుకు తిరిగి వెళ్లేనాటికి రంబోల్డు ధనవంతుడు. వెళ్లినప్పుడు పదహారేండ్ల గుమాస్తా, తిరిగి వచ్చినప్పుడు ముప్పది మూడేండ్ల నవాబు! ఇండియాలో సంపాదించి వచ్చినవారిని అక్కడివారు ఎగతాళిగా 'నవాబులు' అనే పిలిచేవారు.

2. భూస్వామి, పార్లమెంటు సభ్యుడు

ఆనాటి ఇంగ్లండులో డబ్బు ఒక్కటే ఉంటే గౌరవం రాదు. భూమి ఉండాలి. భూమి ఉన్నవాడే పెద్దమనిషి. రంబోల్డు హెర్ట్‌ఫర్డ్‌షైర్ జిల్లాలో వాటన్ గ్రామం దగ్గర వుడ్‌హాల్ అనే ఎస్టేటు కొన్నాడు. 1777లో థామస్ లెవర్టన్ అనే పేరుగన్న శిల్పిచేత అక్కడ భవంతి కట్టించడం మొదలుపెట్టాడు. భార్య చనిపోగా 1772లో రెండవ వివాహం చేసుకొన్నాడు. వధువు కార్లైల్ బిషపు ఎడ్మండ్ లా గారి కుమార్తె. భూమి వచ్చింది, వంశగౌరవం వచ్చింది. మిగిలినది పార్లమెంటు.

ఆ కాలపు ఇంగ్లీషు ఎన్నికలను గూర్చి రెండు మాటలు చెప్పాలి. కొన్ని పట్టణాలలో నూరు, నూటయాభైమంది ఓటర్లే ఉండేవారు. ఓటు బహిరంగంగా వేసేవారు, దానికి ధర ఉండేది. 1770లో న్యూ షోరమ్ అనే పట్టణంలో ఉపఎన్నిక వచ్చింది. అక్కడి ఓటర్లు చాలమంది కలిసి ఒక సంఘం పెట్టుకొన్నారు. దాని పేరు వింటే మీరు ఆశ్చర్యపోతారు – 'క్రైస్తవ సంఘము'! బీదలకు సహాయం చేయడానికని చెప్పుకొనేవారు. అసలు పని, ఓట్లన్నీ మూటగట్టి ఎక్కువ ధర ఇచ్చినవారికి అమ్మడం. ఆ సంఘంవారి ఓట్లు రంబోల్డుకు పడ్డాయి. ఈ అమ్మకం సంగతి తెలిసిన ఎన్నికల అధికారి ఆ ఓట్లను త్రోసివేసి, ఎదుటి అభ్యర్థి గెలిచినట్లు ప్రకటించాడు. రంబోల్డు ఫిర్యాదు చేసి స్థానం దక్కించుకొన్నాడు. కాని విచారణలో సంఘం గుట్టు రట్టయింది. 1771లో పార్లమెంటు ప్రత్యేక చట్టం చేసి దాని సభ్యుల ఓటుహక్కు తీసివేసింది. పేరు క్రీస్తుది, పని కాసులది. పేర్లు పెట్టుకొనే మనమందరం జ్ఞాపకముంచుకోదగిన సంగతి ఇది.

1774లో షాఫ్ట్స్‌బరీ అనే మరొక పట్టణంలో నిలబడ్డాడు. అక్కడ ఒక మనిషి తోలుబొమ్మలాటలో విదూషకుడి వేషం వేసుకొని ఒక గదిలో కూర్చుండి, తలుపుకు చేసిన రంధ్రం గుండా ఓటరుకు ఇరవై గినీల పొట్లం అందించేవాడని విచారణలో తేలింది. ముఖం కనబడకపోతే ఎవరిచ్చారో చెప్పలేరు గదా! పార్లమెంటు ఆ ఎన్నికను అంగీకరించలేదు. 1775లో రంబోల్డు స్థానం పోయింది.

సహోదరులారా, ఇది నవ్వులాటగా తోచవచ్చు. కాని ఆ ఇరవై గినీలు ఎక్కడివి? పాట్నా రైతు శిస్తు, బెంగాలు నేతగాని మగ్గం – అక్కడినుండి పుట్టిన ధనమే సముద్రం దాటి షాఫ్ట్స్‌బరీ తలుపు రంధ్రంలోనుండి బయటికి వచ్చింది. ఇక్కడి శ్రమ అక్కడి ఓటు అయింది. ఆ ఓటు మళ్లీ ఇక్కడి మీద పెత్తనం అయింది.

3. మద్రాసు గవర్నరు – రద్దయిన కమిటీ

మద్రాసులో అప్పుడు పెద్ద గందరగోళం. 1776లో కౌన్సిలు సభ్యులే తమ గవర్నరు పిగట్టును ఖైదు చేశారు. మరుసటి సంవత్సరం ఆయన నిర్బంధంలోనే మరణించాడు. ఆ ఇంటిని చక్కబెట్టమని కంపెనీ డైరెక్టర్లు పంపిన మనిషి రంబోల్డు. 1778 ఫిబ్రవరిలో పదవి స్వీకరించాడు.

ఆనాటికి ఉత్తర సర్కారులు, అనగా శ్రీకాకుళం నుండి కృష్ణ వరకు గల తెలుగు సీమ, కంపెనీ చేతిలో ఉన్నాయి. 1768 నాటి సంధి ప్రకారం వాటి నిమిత్తం కంపెనీ ఏటేటా నిజాముకు పేష్కష్ చెల్లించాలి. గుంటూరు సర్కారు మాత్రం నిజాం తమ్ముడు బసాలత్ జంగుకు జీవితాంతం జాగీరు. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరకు వస్తాము.

సర్కారులలో కంపెనీకి భూమి మీద పట్టు లేదు. మధ్యలో జమీందారులున్నారు. రైతు ఎంత పండిస్తున్నాడు, ఎంత కడుతున్నాడు, అందులో ఎంత జమీందారుకు, ఎంత మధ్యవారికి, ఎంత కంపెనీకి పోతున్నదో ఎవరికీ సరిగా తెలియదు. కనుక రంబోల్డు రాకముందే డైరెక్టర్లు ఒక 'సర్క్యూట్ కమిటీ'ని ఏర్పాటు చేయించారు. కమిటీ సభ్యులు జిల్లాలలో స్వయంగా తిరగాలి. భూమి వైశాల్యం, పంట, జనసంఖ్య, నేత మొదలైన వృత్తులు, శిస్తు వసూలు చేసే తీరు, జమీందారుల ఖర్చులు, అప్పులు, కోటలు అన్నీ విచారించాలి. రైతు మీద జులుం జరుగుతున్నదేమో తెలుసుకోవాలి. ఎన్ని లోపాలున్నా ఇది మంచి ఏర్పాటు. ఏలేవాడు తానుగా గ్రామానికి వెళ్లి "ఏమయ్యా, నీ వద్ద ఎంత పుచ్చుకొంటున్నారు?" అని అడగబోయిన మొదటి ప్రయత్నాలలో ఇది ఒకటి.

రంబోల్డు వచ్చిన రెండు నెలలలోపే, 1778 మార్చిలో, ఆ కమిటీని రద్దు చేశాడు. కాలహరణం, ఖర్చు దండుగ అన్నాడు. కమిటీ గ్రామాలకు పోవడానికి బదులు జమీందారులే మద్రాసుకు రావాలని ఉత్తరువు పంపాడు. వందల మైళ్ల దూరం. రైలు లేదు, రోడ్డు లేదు. పల్లకీలు, పరివారం, దారి ఖర్చులు. వారిలో చాలమంది అప్పటికే అప్పులలో ఉన్నవారు. ఆ భారం వారు మోయలేరని మచిలీపట్నంలోని కంపెనీ అధికారులే వ్రాశారు. అయినా పిలుపు పిలుపే. మద్రాసులో గవర్నరు ఒక్కొక్కరితో తానే ఏకాంతంగా మాట్లాడి ఒడంబడికలు కుదుర్చుకొన్నాడు. కౌన్సిలు ఎదుట బహిరంగంగా జరగవలసిన పని తలుపు మూసి జరిగింది. తరువాత డైరెక్టర్లు ముఖ్యంగా తప్పుబట్టినది దీనినే.

విజయనగరం కథ దీనికి ఉదాహరణ. రాజు పూసపాటి విజయరామరాజు. అతని అన్న సీతారామరాజు సంస్థానంలో పెత్తనం చేయగోరినవాడు. అన్నదమ్ముల మధ్య పొరపొచ్చాలు వచ్చాయి. రాజు అన్నగారి దివాన్‌గిరీ వద్దన్నాడు. రంబోల్డు ప్రభుత్వం ఒత్తిడి చేసి సీతారామరాజునే దివానుగా ఒప్పించింది. సీతారామరాజు గవర్నరు అంతరంగ కార్యదర్శికి లక్ష రూపాయలు ఇస్తానన్నట్లు ఒక కాగితం ఆ కార్యదర్శి మరణించిన తరువాత బయటపడింది. ఇంట్లో కలహం చల్లారలేదు. సీతారామరాజును 1793లో గాని ఇంగ్లీషువారు తొలగించలేదు. మరుసటి సంవత్సరం 1794 జూలై 10న పద్మనాభం దగ్గర కంపెనీ సేనతో జరిగిన యుద్ధంలో విజయరామరాజు ప్రాణాలు కోల్పోయాడు. బాకీల వసూలు మీద వచ్చిన యుద్ధమది. దానికంతటికీ రంబోల్డే కారణమనడం న్యాయం కాదు. కాని బీజాలు ఎక్కడ పడ్డాయో చూచాము.

4. గుంటూరు, హైదరాబాదు

ఇక గుంటూరు. బసాలత్ జంగు అదవానిలో కొలువుండేవాడు, ఫ్రెంచి సిపాయిలను పెట్టుకొన్నాడు. ఫ్రెంచివారితో యుద్ధం వచ్చిన కాలం. ఇంగ్లీషువారికి అది కంటిలో నలుసు. 1779లో రంబోల్డు అతనితో నేరుగా ఒప్పందం చేసుకొని, ఫ్రెంచివారిని పంపించివేసే షరతు మీద గుంటూరును కౌలుకు తీసుకొన్నాడు. అన్నగారైన నిజాం అలీఖానుకు ఒక్క మాట చెప్పలేదు. అంతేగాక ఆ సర్కారును తిరిగి ఆర్కాటు నవాబుకు పదేండ్ల గుత్తకు ఇచ్చాడు. నిజాముకు ఆర్కాటు నవాబు అంటే సరిపడదు. ఆ నవాబు అప్పులలో మునిగినవాడు, అతని అప్పులవాళ్లు మద్రాసులోని ఇంగ్లీషు ఉద్యోగులే. గుంటూరు రైతు శిస్తు ఏ జేబులో పడేదో మీరే ఊహించుకోండి.

అదవానికి సహాయంగా పంపిన ఇంగ్లీషు దళం కడప సీమ గుండా వెళ్లబోయింది. అది హైదరు అలీ భూమి. అతడు అడ్డగించి వెనుకకు మళ్లించాడు. మలబారు తీరంలో హైదరు రక్షణలో ఉన్న మాహేను కూడా ఇంగ్లీషువారు అదే సంవత్సరం పట్టుకొన్నారు. ఇటు నిజాముకు కోపం, అటు హైదరుకు కోపం.

నిజామును సమాధానపరచడానికి రంబోల్డు హాలండ్ అనే ఉద్యోగిని హైదరాబాదుకు పంపాడు. హైదరాబాదు దర్బారులో మొదటి ఇంగ్లీషు రెసిడెంటు ఇతడే, సంవత్సరం 1779. కాని ఏమి సందేశంతో పంపాడు? ఉత్తర సర్కారులకు చెల్లించవలసిన పేష్కష్ మాఫీ చేయమని! తమ్ముని జాగీరు అడగకుండా తీసుకొన్నదే కాక, రావలసిన బాకీ కూడా వదలుకోమంటే ఎవరు ఊరకుంటారు? నిజాం మండిపడ్డాడు. మరాఠాలు, హైదరు, నిజాం కలిసి ఇంగ్లీషువారికి ఎదురు నిలిచే ఆలోచన బలపడింది. హాలండ్ ఈ సంగతులు కలకత్తాకు తెలియజేశాడని మద్రాసువారు అతనిని తొలగించగా, వారన్ హేస్టింగ్సు జోక్యం చేసుకొని అతనిని నిలబెట్టాడు. గుంటూరును తిరిగి ఇచ్చివేయమని బెంగాలు ప్రభుత్వమే పట్టుబట్టింది.

5. యుద్ధము, విచారణ

రంబోల్డుకు ఘనవిజయం లేకపోలేదు. 1778 అక్టోబరులో పుదుచ్చేరి లొంగిపోయింది. అందుకు 1779లో రాజు ఇతనికి 'సర్' బిరుదుతో బారనెట్ హోదా ఇచ్చాడు. 1780 ఏప్రిల్‌లో ఆరోగ్యం బాగులేదని పదవి వదలి ఓడ ఎక్కాడు. జూలైలో హైదరు అలీ కనుమలు దిగి కర్నాటకం మీద పడ్డాడు. సెప్టెంబరులో పొల్లిలూరు దగ్గర కర్నలు బెయిలీ సేన నాశనమైంది. ఆ సేన అంతకుముందు గుంటూరులో ఉన్నదే. ఊళ్లు తగలబడ్డాయి, తరువాత కరువు వచ్చింది. పెత్తనం చేసినవాడు వుడ్‌హాల్ తోటలో ఉన్నాడు. మూల్యం చెల్లించినవారు పేరు లేని లక్షలమంది.

అయితే ఈసారి లెక్క అడిగినవారున్నారు. 1781 జనవరిలో డైరెక్టర్లు రంబోల్డును, ఇతని ఇద్దరు కౌన్సిలు సహచరులను కొలువునుండి తొలగించారు. హెన్రీ డండాస్ నాయకత్వాన పార్లమెంటు రహస్య కమిటీ విచారణ జరిపింది. 1778 ఫిబ్రవరి నుండి 1779 ఆగస్టు మొదటి వరకు, అంటే ఏడాదిన్నరలో, ఇతడు 1,64,000 పౌన్లు స్వదేశానికి పంపినట్లు బయటపడింది. జీతం లెక్కన అంత రాదు. బెంగాలులో మునుపు సంపాదించినదే ఇప్పుడు తెచ్చుకొన్నానని ఇతని జవాబు. 1782లో ఇతనిని శిక్షించడానికి ప్రత్యేక బిల్లు ప్రవేశపెట్టారు, ఆస్తి తరలించకుండా కట్టడి చేశారు.

ఆ సమయంలో రంబోల్డు ఎక్కడ ఉన్నాడు? అదే పార్లమెంటులో సభ్యుడిగా కూర్చున్నాడు! 1780లో మళ్లీ షాఫ్ట్స్‌బరీ, 1781 నుండి యార్మత్ స్థానం. తీర్పరుల బల్ల మీదనే నిందితునికి కూడా చోటు. విచారణ సాగింది, సాగింది, సభ్యులకు విసుగు పుట్టింది. మంత్రివర్గాలు మారాయి. 1783 డిసెంబరులో బిల్లు దానంతటదే వీగిపోయింది. నిర్దోషి అని తీర్పు రాలేదు, దోషి అనీ రాలేదు. 1784 నుండి 1790 వరకు వేమత్ స్థానానికి సభ్యుడిగా ఉన్నాడు. 1791 నవంబరులో మరణించాడు. వాటన్ గ్రామపు చర్చిలోనే సమాధి చేశారు. తరువాత ఆయన భవంతిని కొన్నవాడు ఎవరనుకొన్నారు? పాల్ బెన్‌ఫీల్డ్. ఆర్కాటు నవాబుకు అప్పులిచ్చి కోట్లు గడించిన మద్రాసు ఉద్యోగి! ఇల్లు చేతులు మారింది గాని, దానిని కట్టిన ధనం పుట్టినచోటు మారలేదు.

ఆ తరువాత దాదాపు ఎనభై ఏండ్లకు, 1868లో, రంబోల్డు కుమార్తె తండ్రి పక్షాన ఒక గ్రంథం వెలువరించింది. తండ్రిమీద పడిన నిందలలో పుకార్లు చాలా ఉన్నాయని ఆమె వాదన. అందులో కొంత నిజముంది. బాల్యంలో ఇతడు లండను క్లబ్బులో చెప్పులు తుడిచేవాడని ఎగతాళి కథలు పుట్టించారు. పేదవాడై పుట్టాడని నవ్వడం నీచం. మనం దానిలో పాలుపొందరాదు. ఏ న్యాయస్థానమూ ఇతనిని దోషిగా నిర్ణయించలేదనే మాట కూడా చెప్పి తీరాలి.

6. మనుమడు హైదరాబాదుకు వచ్చుట

కథ అక్కడితో ముగిసియుంటే మనకింత పట్టింపు లేకపోవును. రంబోల్డు మనుమడు సర్ విలియం రంబోల్డు. ఇతని భార్య గవర్నరు జనరలు లార్డ్ హేస్టింగ్సు ఇంట పెరిగిన ఆడపిల్ల. ఆ ప్రాపకంతో హైదరాబాదు చేరి విలియం పామర్ కంపెనీలో భాగస్వామి అయ్యాడు. యూరపియనులు స్వదేశ సంస్థానాలకు అప్పు ఇవ్వకూడదని 1797లో చట్టం వచ్చింది. పామర్ కంపెనీకి మాత్రం 1816లో ప్రత్యేక మినహాయింపు లభించింది. నిజాం సర్కారుకు నూటికి 24, 25 చొప్పున వడ్డీకి అప్పులిచ్చారు. జిల్లాల శిస్తులు తనఖా పెట్టించుకొన్నారు. 1820లో 60 లక్షల రూపాయల కొత్త అప్పు పత్రం వ్రాయించారు.

ఆ ఏడాదే రెసిడెంటుగా వచ్చిన చార్లెస్ మెట్‌కాఫ్ లెక్కలు తవ్వితీశాడు. కొత్త అప్పులో చాలభాగం పాత అప్పును కాగితం మీద తిరగవ్రాయడమేనని తేల్చాడు. స్వయంగా గవర్నరు జనరలుకు అది ఇష్టం లేకపోయినా పట్టు విడువలేదు. ఆనాడు శిస్తు వసూళ్లు గుత్తదారుల చేతిలో ఉండేవి. ఎక్కువ పాడినవానికి తాలూకా. వాడు పెట్టిన పెట్టుబడి రైతు వీపు మీదనే రాబట్టుకోవాలి. అందుకని మెట్‌కాఫ్ గ్రామాల శిస్తు నిర్ణయాన్ని పర్యవేక్షించడానికి జిల్లాలకు అధికారులను కూడా పంపాడు. తాత రద్దు చేసిన పనినే మరొకడు వేరొక రాజ్యంలో తిరిగి మొదలుపెట్టాడన్నమాట.

1823లో పామర్ కంపెనీ అప్పు ఎలా తీరిందో వినండి. ఉత్తర సర్కారుల నిమిత్తం ఇంగ్లీషువారు నిజాముకు ఏటా ఇవ్వవలసిన 7 లక్షల పేష్కష్‌ను శాశ్వతంగా రద్దు చేసుకొని, దానికి బదులుగా ఒకేసారి 1,16,66,666 రూపాయలు లెక్కకట్టారు. ఆ డబ్బుతో అప్పు తీర్చారు. తాత 1779లో రాయబారిని పంపి వదిలించుకోజూచిన పేష్కష్ – మనుమని వడ్డీ పుణ్యమా అని 1823లో వదిలిపోయింది! పామర్ కంపెనీ మరుసటి ఏడాదే దివాళా తీసింది. విలియం రంబోల్డు 1833లో హైదరాబాదులోనే కన్నుమూశాడు.

ఇందుకు ఆ వంశాన్నంతా నిందించకూడదు. ఆ వంశంలోనివాడే మరొక హోరేసు రంబోల్డు 1933లో బెర్లినులో బ్రిటిషు రాయబారిగా ఉండి, హిట్లరు వలన రాబోయే ప్రమాదాన్ని తన ప్రభుత్వానికి స్పష్టంగా వ్రాసి హెచ్చరించాడు. తండ్రి తిన్న ద్రాక్షకాయలకు కొడుకు పండ్లు పులియవని మనకు తెలిసినదే.

7. మనకు ఏమి?

సహోదరీ సహోదరులారా, రంబోల్డు చేసిన పనులన్నిటిలో ఏది పెద్ద తప్పు? 1,64,000 పౌన్లా? గుంటూరా? నా మట్టుకు నాకు, 1778 మార్చిలో ఆ కమిటీని రద్దు చేయడమే అనిపిస్తుంది. మిగిలినవన్నీ ఆ తలుపు మూసిన తరువాత జరిగాయి. పార్లమెంటు విచారణ పెద్దది, గొప్పది. కాని అది ఐదువేల మైళ్ల దూరాన, యుద్ధం జరిగిపోయాక, ఇంగ్లీషు భాషలో, సాటి సభ్యుల మధ్య జరిగింది. శిస్తు కట్టిన రైతు అక్కడ సాక్షి కాడు. అందుకే అది వీగిపోయింది. డబ్బు ఇచ్చినవాడు లేనిచోట లెక్క అడిగేవానికి విసుగు పుడుతుంది. 1783లో సర్క్యూట్ కమిటీని మళ్లీ వేయవలసి వచ్చింది. మధ్యలో పోయిన ఐదేండ్లు ఎవరు తిరిగి ఇస్తారు?

మన గడ్డమీద ఇదే పాఠం మరొక తీరుగా నేర్చుకొన్నాము. నిజాం రాజ్యంలో సాలార్ జంగు 1865 ప్రాంతంలో జిల్లాబందీ తెచ్చి గుత్త పద్ధతిని తొలగించాడు. కాని వసూళ్లు చేసిన దేశ్‌ముఖులు చాలచోట్ల పెద్ద భూస్వాములుగా నిలిచిపోయారు. భూమి వారిదే, ఊరిలో తీర్పు వారిదే, వెట్టి వారికే. అడిగేవారు లేరు. అడగడం మొదలైనది జనగామ ప్రాంతపు పల్లెలలోనే. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తాను కౌలుకు తీసుకొన్న భూమిలో పండించిన ధాన్యం విసునూరు దొర పాలు కానివ్వనన్నది. కడవెండిలో 1946 జూలై 4న దొడ్డి కొమరయ్య తుపాకి గుండుకు బలయ్యాడు. 1949లో జాగీర్లు రద్దయ్యాయి, 1950లో కౌలుదారుల చట్టం వచ్చింది. ఆ చట్టాలు అధికారుల దయ వలన ఊరకే రాలేదు.

హైదరాబాదు కోఠిలో ఇంగ్లీషు రెసిడెంటుల భవనం మీలో చాలమంది చూచియుంటారు. హాలండ్ తరువాత వచ్చినవారిలో ఒకడైన కిర్క్‌పాట్రిక్ కాలంలో కట్టినది. మెట్‌కాఫ్ లెక్కలు తవ్వినది అక్కడ కూర్చునే. తరువాత అది మహిళా కళాశాల అయింది, ఆపైన మహిళా విశ్వవిద్యాలయం అయింది. 2024లో ఆ విశ్వవిద్యాలయానికి పెట్టిన పేరు చాకలి ఐలమ్మది. దొరల ఇంటికి మన జనగామ పల్లె బట్టలుతికిన తల్లి పేరు! మన ఆడపిల్లలు అక్కడికి చదువుకోవడానికి వెళ్లినప్పుడు ఈ కథ కూడా తెలిసి వెళ్లాలని నా కోరిక.

ఇక మన సంగతి. లెక్క అప్పగించవలసినవారు గవర్నరులు మాత్రమే కారు. సర్పంచి అయినా, సహకార సంఘ అధ్యక్షుడైనా, పాఠశాల కమిటీ అయినా, మన పాస్టొరేటు కమిటీ అయినా, ఇతరుల సొమ్ము చేతబట్టిన ప్రతివాడూ ఒక చిన్న గవర్నరే. 2005 నాటి ఉపాధి హామీ చట్టం గ్రామసభలో లెక్కలు చదివి వినిపించే సామాజిక తనిఖీ పద్ధతి తెచ్చింది. కూలి తీసుకొన్న మనిషి లేచి నిలబడి "నాకు ఇన్ని రోజుల డబ్బు రాలేదు" అని చెప్పే ఏర్పాటు అది. సర్క్యూట్ కమిటీ గ్రామంలో అడగవలసియుండిన ప్రశ్న దాదాపు ఇదే. రెండు వందల ఏండ్లకు పైగా ఆలస్యంగా వచ్చింది. వచ్చిన హక్కును వాడుకోకపోతే, మళ్లీ ఎవరో ఒకరు "ఖర్చు దండుగ" అని తలుపు మూస్తారు.

కనుక మూడు మాటలు మనవి చేసి విరమిస్తాను. లెక్కలు జరుగుతుండగానే అడగండి, జరిగిపోయాక కాదు. ఏకాంతంలో కాదు, పదిమందిలో అడగండి. అడిగే చోట చందా ఇచ్చిన బీద విధవరాలికి, కూలి చేసిన మనిషికి కూడా కుర్చీ వేయండి. ఇవి కష్టమైన పనులు కావు. కాని వీటిని మానినందుకు ఒక దేశం ఎంత చెల్లించిందో ఇంతసేపు విన్నాము.